ముప్పైకి ముప్పై

ఫిలిప్పీన్స్‌లో దీవులు ఏడు వేల పైచిలుకు. మనుషులు కాపురానికి పనికిరాదని వదిలేసిన దీవి ఒకటి వాటిలో ఉంది. అక్కడి జంతువులు దాన్ని లువాంగ్ అంటాయి. ఉత్తరాన రెల్లు గట్లు, నడుమ మడ అడవి, దక్షిణాన ముళ్ళవెదురు కొండ. కొండ పాదం దగ్గర కాస్త ఎత్తుగా, ఎండ బాగా తగిలే ఇసుక నేల. ముళ్ళ కొండను వదిలేస్తే, తుఫానుకు ఆ దీవిలో మునగని చోటు అదొక్కటే. కోళ్ళు, బాతులు, పూరేడు పిట్టలు, తాబేళ్ళు తుఫానుల కాలంలో గుడ్లు అక్కడే పెడతాయి. అందుకే దాన్ని గుడ్లవాలు అంటారు.

వాలుకు ఎవరు కాపలా ఉండాలో, అక్కడ ఎవరికి చోటివ్వాలో తేల్చేది దీవి పెద్ద. పెద్దని ఆరేళ్ళకోసారి ఎన్నుకుంటారు. ఓటంటే తడికె చాటున బోలు దుంగలో వేసే గవ్వ, ఇంటికొకటి. ఒకసారి చేసినవాళ్ళు మళ్ళీ నిలబడకూడదు. ఆరేళ్ళు చేసిన ముసలి తాబేలు దిగిపోయే రోజు దగ్గర పడింది. ఆ తర్వాత నెలకే తుఫానులు మొదలు.

నిలబడ్డది ఇద్దరు.

ఒకటి గోర్యో అనే ఉడుము. నిరుడు వాలు మీదికి వచ్చిన కట్లపామును తరిమింది. ఆ మాట నిజం. తరిమిన తర్వాత అక్కడ ఎన్ని గుడ్లు మిగిలాయన్నది మాత్రం ఎవరూ లెక్కపెట్టలేదు. "బలం లేని కాపలా కాపలాయేనా?" అని అడుగుతూ దీవంతా తిరిగింది.

రెండోది సిమాంగ్ అనే అడవికోడి పెట్ట. నిరుడు వాలు మీద చోటు దొరక్క వాగొడ్డున పదకొండు గుడ్లు పెట్టింది. వాగు పొంగి పదకొండూ పోయాయి. ఈ ఏడు మళ్ళీ గుడ్లు పెట్టబోతోంది. "ఈసారి నా గుడ్లు వాలు మీదే పెడతాను. మీ అందరివీ అక్కడే ఉంటాయి. కంచే చేను మేస్తే ఇక చెప్పుకునేది ఎవరితో? కాపలా ఉండేవాళ్ళకి గుడ్ల మీద ఆకలి ఉండకూడదు," అంది. అంతకుమించి దాని దగ్గర హామీలు లేవు.

ఎన్నికకు ముందు దీవి మనసు కనుక్కుని చెప్పే పని నెనాయ్ అనే తెల్లకొంగది. దాని పద్ధతి దానిది. ఇంగో అనే నీటిదున్న వీపెక్కుతుంది. ఉత్తరాన పది ఇళ్ళు, నడుమ పది, దక్షిణాన పది. మొదటి ఇల్లు ఏదో గవ్వ విసిరి తేల్చుకుంటుంది. అక్కణ్ణుంచి ప్రతి ఐదో గూడు, ప్రతి ఐదో బొరియ. ఎవరో పిలిచారని ఆగదు, ఎవరో కసిరారని దాటిపోదు. వీపు మీది పిడుదులు ఏరి పెట్టడమే దున్నకు కూలి.

రెల్లు గట్టు మీద అడవిపంది ఒకటి అడ్డం వచ్చింది.

"ఏం కొంగమ్మా, నాకు తొమ్మిదేళ్ళొచ్చాయి. ఒక్కసారైనా నన్నడిగావా? ముప్పై మందిని అడిగి ఆరొందల మంది మనసు చెప్తావా? ఎవరి చెవిలో పూలు పెడతావు?"

"అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఎన్ని మెతుకులు పట్టుకుంటారు?" అంది నెనాయ్.

"ఒకటి."

"నేను ముప్పై పట్టుకుంటున్నాను."

"ఆ మెతుకు నేనెందుకు కాకూడదు?"

"నీది నాలుగో ఇల్లు."

"పక్కింటికి మారిపో బావా," అంది దున్న, నడక ఆపకుండానే. "వచ్చే ఆరేళ్ళకి అడుగుతుంది."

ఐదో ఇల్లు ఓండాయ్ అనే బాతుది. దున్న గుమ్మం ముందు ఆగింది. నెనాయ్ అడిగింది: "ఎన్నిక ఇవాళే అయితే ఎవరికి వేస్తావు?"

"సిమాంగ్ అక్కకి," అంది ఓండాయ్, దాచుకోవడానికి ఏముందన్నట్టు. "నాకు ఆరు గుడ్లున్నాయి. గోర్యో బలం చూస్తే నాకూ మురిపెమే. ఆ బలం మా గూటి పక్కన ఉండకూడదు, అంతే."

అలా ముప్పై ఇళ్ళు. మూడో రోజు పొద్దున వాగు సముద్రంలో కలిసే చోట నెనాయ్ లెక్క చదివింది. గోర్యోకి పద్నాలుగు. సిమాంగ్‌కి పన్నెండు. ఇంకా తేల్చుకోనివాళ్ళు నలుగురు.

గోర్యో ముందు నవ్వింది. జనం చెదిరిపోయాక కొంగ దగ్గరికి వచ్చింది.

"ఆ పన్నెండు మంది ఎవరు?"

"అంకె చెప్పడం నా పని. పేర్లు చెప్పడం కాదు."

"నెల తిరిగేసరికి నేను పెద్దనవుతాను నెనాయ్."

"అవుతావేమో. అప్పుడడిగినా ఇదే చెప్తాను."

గోర్యోకి సలహాలిచ్చేది టిబో అనే కోతి. అది మడ కొమ్మ మీద కూర్చుని ఇదంతా విన్నది. తెలివైనది. తన తెలివి ఎవరికి పనికొస్తుందో ఆలోచించే అలవాటు మాత్రం దానికి లేదు.

"కొంగ చెప్పకపోతేనేం దొరా," అంది. "మొన్న వాన పడింది. నేల మెత్తగా ఉంది. దున్న నడిచిన చోట అడుగులు పలచగా పడతాయి. ఆగి నిలబడ్డ చోట నాలుగు కాళ్ళూ గుంటలు చేస్తాయి. నాలుగు గుంటలు ఎవరి గుమ్మం ముందుంటే కొంగ వాళ్ళని అడిగినట్టు."

గోర్యో నాలుక రెండుసార్లు బయటికి వచ్చి లోపలికి పోయింది. దానికి సంతోషం కలిగితే అలాగే ఉంటుంది.

గుంటలు ముప్పై చోట్ల దొరికాయి. ఆ ముప్పైలో పన్నెండు ఏవో తెలీదు. తెలుసుకునే ఓపికా లేదు. అందుకని ముప్పై ఇళ్ళకూ వెళ్ళింది.

గోర్యో వచ్చి ఓండాయ్ గుమ్మంలో కూర్చుంది.

"బాగున్నావా చెల్లెమ్మా? కొంగొచ్చిందటగా. ఏమడిగింది?"

"ఏదో... వానల గురించి అడిగింది దొరా."

"వానల గురించా? మరి నువ్వేం చెప్పావు?"

"పడతాయన్నాను."

"ఎన్ని గుడ్లు నీకు?"

ఓండాయ్ గుడ్ల మీదికి రెక్క చాపింది. గోర్యో మెడ చాపి, ఆరు గుడ్లలో ఒకదాన్ని తాపీగా నోట కరుచుకుంది. గుటుక్కున మింగింది. మూతి ఇసుకకు రాసి తుడుచుకుంది.

"ఇది తప్పుకి శిక్ష కాదమ్మా. తప్పు నీదో కాదో నాకు తెలీదు కదా. మళ్ళీ కొంగ వస్తే ఏం చెప్పాలో గుర్తుంటుందని. అంతే."

మూడు రోజుల్లో ముప్పై ఇళ్ళలో ముప్పై గుడ్లో, కూనలో పోయాయి. ఆ కబురు ముప్పై ఇళ్ళతో ఆగలేదు.

ఓండాయ్ ఏడుస్తూ దున్న దగ్గరికి పోయింది. "నువ్వే మామా. నీ కాళ్ళే దారి చూపాయి. నా గుమ్మం ముందు చూడు, నాలుగు గుంటలు, కొలిచి తవ్వినట్టు!"

దున్న బురద మడుగులోంచి లేచి వచ్చి ఆ గుంటలు చూసింది. చాలాసేపు చూసింది. ఒక గుంటలో తన కాలు పెట్టి చూసుకుంది. సరిపోయింది.

"ఇన్నేళ్ళూ నా బరువు నాకే మోత అనుకున్నాను," అంది. "పక్కవాళ్ళ మీద కూడా పడుతుందని తెలీలేదు."

మడుగులోకి మళ్ళీ దిగలేదు. నేరుగా నెనాయ్ దగ్గరికి వెళ్ళింది. "రెండో లెక్క ఎప్పుడు తీస్తావు?"

"వచ్చే వారం."

"నువ్వు ముప్పై మందినే అడుగు. నేను మాత్రం ఆరొందల ఇళ్ళ ముందూ ఆగుతాను."

"ఎనిమిది రోజులు పడుతుంది ఇంగో."

"పడనీ."

ఎనిమిది రోజులు పట్టింది. దున్న ప్రతి గూటి ముందు ఆగింది, ప్రతి బొరియ ముందు ఆగింది. ఎవరూ లేని పాడు బొరియ ముందు కూడా పది అంకెలు లెక్కపెట్టేంతసేపు నిలబడింది. కొత్తగా గవ్వ విసిరి మొదలుపెట్టింది కాబట్టి ఈసారి నెనాయ్ అడిగిన ఇళ్ళు వేరు. ఎవర్ని అడిగిందో నేల చూసి చెప్పడం ఇక ఎవరి తరమూ కాదు. అడవిపంది ఇంటి ముందు ఆగినప్పుడు అది ఎగిరి గంతేసింది. "చివరికి నా వంతు వచ్చిందన్నమాట!"

"లేదు బావా," అంది దున్న. "నిలబడ్డానంతే."

ఇంత చేసినా లాభం లేకపోయింది. మొదటి ఇల్లు పూరేడు పిట్టది.

"ఎన్నిక ఇవాళే అయితే..."

"గోర్యో దొరకి."

"ఇంకా అడగలేదు."

"అడిగినా అదే. ఇంటిల్లిపాదీ అదే. మా ఆయన ఊళ్ళో లేడు, ఉన్నా అదే."

రెండో ఇంట్లో గోర్యో. మూడో ఇంట్లో గోర్యో. ఒక ముసలి ఎలుక గోర్యో పేరు రెండుసార్లు చెప్పి, "రెండూ రాసుకో తల్లీ, ఒకటి వాన్లో తడిసిపోయినా ఇంకోటి ఉంటుంది," అంది. నడిమి మడలో పదికి పది. దక్షిణాన పదికి పది. భయం దున్న కాళ్ళ దగ్గర లేదు. గొంతుల్లో ఉంది.

తిరుగుదారిలో నెనాయ్ ఒక ఇంటి ముందు దున్నను ఆపింది.

"వెనక్కి తిరుగు."

"అడగడం అయిపోయిందన్నావుగా?"

"అడగడం అయింది. చూడడం కాలేదు."

ఆ ఇంటి గూటి చుట్టూ ముళ్ళవెదురు కొమ్మలు కట్టి ఉన్నాయి. ఆకు ఇంకా పచ్చగా ఉంది. అంటే కోసి నాలుగైదు రోజులు. కొండ దక్షిణాన ఉంది, ఈ ఇల్లు ఉత్తరాన. ముక్కుతో ఒక్కొక్క కొమ్మా పట్టుకుని దీవి ఆ చివర్నుంచి ఈ చివరికి మోసుకొచ్చి ఉంటారు. గోర్యోకే వేస్తామని చెప్పిన ఇల్లు అది.

నెనాయ్ మళ్ళీ ముప్పై ఇళ్ళూ తిరిగింది. ఎవరినీ ఏమీ అడగలేదు. గుమ్మాలు మాత్రం చూసింది.

మర్నాడు వాగు మొగలో జనం కూడారు. గోర్యో ఎత్తు బండ మీద కూర్చుంది. సిమాంగ్ కింద, జనంలో.

"రెండు లెక్కలున్నాయి," అంది నెనాయ్. "అడిగిన లెక్క: ముప్పైకి ముప్పై గోర్యోకి. ఇది నేనే తీశాను, దీనికి పూచీ మాత్రం పడను. సముద్రం ఉప్పగా ఉందా అని అడిగినా ముప్పైలో ఒకడు లేదంటాడు. ముప్పై మందీ ఒకే మాట అన్నారంటే అది వాళ్ళ మాట కాదు. ఇక చూసిన లెక్క: ముప్పై ఇళ్ళలో ఇరవై రెండింటి చుట్టూ ఉడుము దూరకుండా కొత్తగా ముళ్ళకంప ఉంది. ఈ లెక్కకి పూచీ నాది."

అప్పుడు గోర్యో పగలబడి నవ్వింది.

"ముళ్ళకంపలు ఓటేస్తాయటర్రా!"

అందరూ నవ్వారు. ఇళ్ళ చుట్టూ కంప ఉన్నవాళ్ళు ఇంకాస్త గట్టిగా నవ్వారు.

జనం వెళ్ళిపోతుంటే ఓండాయ్ సిమాంగ్‌ని ఒక పక్కకి లాగింది.

"తప్పుకో అక్కా. నా మాట విను. అడిగిన లెక్కలో నీకు సున్నా. నన్నడిగినా గోర్యో పేరే చెప్పేదాన్ని, నీ మొహం చూసి అబద్ధమాడను. ఓడిపోయాక అది నిన్ను బతకనివ్వదు. ఇప్పుడే తప్పుకుని దాని దగ్గరికెళ్ళి ఒక్క మాట మంచిగా మాట్లాడితే వాలు మీద ఓ మూల చోటిస్తుందేమో."

"ఒక మూల చోటిచ్చి ఎన్ని గుడ్లు తింటుంది?"

ఓండాయ్ తన గూటి వైపు తిరిగి చూసింది.

"నీకు ఇప్పుడెన్ని ఉన్నాయి?"

"ఐదు."

"ఐదు ఐదుగానే ఉండాలంటే ఏం చెయ్యాలో నువ్వే చెప్పు, అదే చేస్తాను," అంది సిమాంగ్. బాతు ముక్కు రెక్కలో దూర్చుకుంది. సిమాంగ్ కొంగ దగ్గరికి నడిచింది.

"నిజం చెప్పు నెనాయ్. నేను గెలుస్తానా?"

"తెలీదు."

"ఇరవై రెండు అన్నావుగా."

"ముల్లు ఓటు కాదు సిమాంగ్. ఆ విషయంలో గోర్యో అన్నదాంట్లో తప్పు లేదు. ముల్లంటే భయం. ఇరవై రెండిళ్ళు దానికి భయపడుతున్నాయి, అంతవరకే నేను చెప్పగలను. ఆ భయం వాళ్ళని ఓటు దగ్గరికి నడిపిస్తుందో, ఇంట్లో కూర్చోబెడుతుందో కొలిచే సాధనం నా దగ్గర లేదు."

సిమాంగ్ రెక్కలు ఒకసారి దులుపుకుంది. "అయితే మిగిలిన పని నాదన్నమాట," అంది.

ఎన్నికకు పది రోజులుంది. అడవికోడి ఎక్కువ దూరం ఎగరలేదు. నడిచింది. రోజుకు అరవై ఇళ్ళు. ఎవరి గుమ్మంలోనూ కూర్చోలేదు. వాకిట్లో నిలబడి నాలుగు ముక్కలు చెప్పి వెళ్ళిపోయేది.

"ఎవరికి వేస్తావని అడగను. నువ్వు చెప్పొద్దు కూడా. ఎవరడిగినా గోర్యో పేరే చెప్పు. ఆ రోజు పొద్దున గవ్వ పట్టుకుని రా. తడికె వెనకాల నువ్వూ నీ గవ్వా తప్ప ఎవరూ ఉండరు."

"అబద్ధం చెప్పమంటావా అక్కా?" అంది పూరేడు పిట్ట.

"ఉడుముకి గూటి దారి చెప్పకపోవడం అబద్ధమా?"

పూరేడు పిట్ట ఆలోచించింది. "అది ఇల్లు చక్కబెట్టుకోవడం," అంది.

కొన్ని ఇళ్ళలో తలుపు తియ్యలేదు. అక్కడ మూసిన తలుపుతోనే ఆ నాలుగు ముక్కలూ చెప్పి కదిలింది. కొండ మీద దాని కాలి గోరు ఒకటి విరిగింది. మర్నాడు అరవై ఇళ్ళకు బదులు యాభై నాలుగు అయ్యాయి. ఆ మర్నాడు అరవై ఆరు తిరిగింది.

టిబో చెట్ల మీంచి ఇదంతా చూస్తూనే ఉంది. "పట్టంటే ఉడుముదేననుకున్నాను," అని గొణుక్కుని గోర్యో దగ్గరికి వెళ్ళింది.

ఎన్నిక రేపనగా అక్కడ హడావుడిగా ఉంది. ఓటు వేసే చోటికి మడ అడవిలోంచి ఒకటే దారి. ఆ దారి పొడుగునా ఇరవై మంది పెదనాన్న పిల్లల్ని, చిన్నాన్న పిల్లల్ని నిలబెట్టాలని గోర్యో ముందే అనుకుంది. వచ్చేవాళ్ళ మొహాలు చూడ్డానికి. ఇప్పుడు ఆ ఇరవై మందీ దక్షిణపు చేపల గుంటకి ప్రయాణమవుతున్నారు.

"ఎక్కడికి దొరా వీళ్ళు?"

"చేపలు పట్టడానికి. గెలిచిన రోజు దీవంతటికీ విందు. పెద్ద అన్నాక పెట్టాలిగా."

"ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. దారిలో కాపలా?"

"ముప్పైకి ముప్పై వచ్చినవాడు కాపలా పెడితే లోకం నవ్వుతుంది టిబో."

"నవ్వనీ దొరా, లోకం నవ్వితే గవ్వలు తగ్గవు. కొంగ చెప్పిన ఆ రెండో లెక్క నాకు నచ్చలేదు. మనం ఆ ఇళ్ళకి వెళ్ళకముందు నీకు పద్నాలుగు ఉండేవి. అవి నిజం పద్నాలుగు. ఇప్పుడున్న ముప్పైలో నిజం ఎంతో నాకు తెలీదు, నీకూ తెలీదు."

"ఉపాయం చెప్పింది నువ్వేగా? పనిచేసింది. ఇంకా ఏడుస్తావేం?"

"అదే నా ఏడుపు. మరీ బాగా పనిచేసింది."

గోర్యో వినలేదు. ముప్పైకి ముప్పై అన్న మాట రోజుకు పదిసార్లు అనిపించుకునేది. వచ్చిన ప్రతివాడినీ, "ఎంత వచ్చిందో విన్నావా?" అని అడిగేది. ప్రతివాడూ విన్నానని చెప్పేవాడు.

ఎన్నిక రోజు తెల్లవారింది. మడ అడవి మధ్య రెండు బోలు దుంగలు, ముందు తాటాకు తడికె. ఒక దుంగ మీద ఉడుము గోరు గీత, రెండోదాని మీద కోడి కాలి గుర్తు. తడికె ఇవతల ముసలి తాబేలు కూర్చుని ఒక్కొక్కరినీ లోపలికి పంపుతోంది.

మొదట వచ్చింది ఓండాయ్. దారి మొదట్లో ఆగి అటూ ఇటూ చూసింది. ఉడుములు లేవు. పది అడుగులు వేసింది. మళ్ళీ చూసింది. ఎవరూ లేరు. వెనకాల పూరేడు పిట్ట, దాని వెనకాల ముసలి ఎలుక, ఎలుక వెనకాల ఎవరు వస్తున్నారో చూసే ధైర్యం ఎవరికీ లేదు. వస్తూనే ఉన్నారు. దారిలో మొహాలు చూసేవాడు లేడన్న కబురు ముందు వెళ్ళినవాళ్ళ ద్వారా వెనక ఉన్నవాళ్ళకు పాకింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి వరస రెల్లు గట్టు దాకా సాగింది.

గోర్యో దూరంగా తన బండ మీద పడుకుని ఆ వరస చూసింది. తడికె పక్కనుంచి లోపలి దుంగలు ఏ కాస్తయినా కనపడే చోటు ఆ బండ ఒక్కటే. సరిగ్గా ఆ సందుకు అడ్డంగా దున్న వచ్చి నిలబడింది.

"జరుగు ఇంగో, గాలి రావట్లేదు!" అని కేకేసింది గోర్యో.

"నడుం పట్టేసింది దొరా," అంది దున్న. ఎనిమిది రోజులు ప్రతి ఇంటి ముందు నిలబడ్డ దున్నకు సాయంత్రం దాకా ఒక్కచోట నిలబడడం పెద్ద పని కాదు.

గోర్యో పోట్లాడలేదు. పెద్ద మనసులో ఉంది. వరసలో ఉన్నవాళ్ళని చూపించి, "చూశావా టిబో, నా కోసం ఎంతమంది వచ్చారో!" అంది.

టిబో చేతిలో గవ్వ ఉంది. వెళ్ళి అదీ వరసలో నిలబడింది. ఎవరికి వేసిందో తర్వాత ఎంతమంది అడిగినా చెప్పలేదు.

సాయంత్రం వరస అయిపోయాక తాబేలు దుంగలు బోర్లించింది. మొత్తం గవ్వలు ఆరొందల పదకొండు. గోర్యోవి నూట డెబ్బై నాలుగు. సిమాంగ్‌వి నాలుగు వందల ముప్పై ఏడు.

తాబేలు రెండోసారి లెక్కపెట్టింది. అడక్కుండానే మూడోసారి కూడా లెక్కపెట్టింది. అంకె మారలేదు.

గోర్యో బండ దిగి వచ్చింది. తోక నేలకేసి కొట్టింది. "మోసం! కొంగ మోసం చేసింది! ముప్పైకి ముప్పై అని ఈ నోటితోనే చెప్పింది!"

"ఇరవై రెండు అని కూడా ఈ నోటితోనే చెప్పాను," అంది నెనాయ్. "రెండు లెక్కలు నీ ముందు పెట్టాను. నచ్చింది నువ్వు ఏరుకున్నావు. ఆ ముప్పై నేను తయారు చేసింది కాదు గోర్యో. నువ్వు ఇంటింటికీ తిరిగి తయారు చేసుకున్నావు. నేను మోసుకొచ్చానంతే."

గోర్యో జనం వైపు తిరిగింది. "మీరంతా నా పేరే చెప్పారుగా! ఒక్కడు కూడా కాదనలేదు! చెప్పారా లేదా?"

దున్న ఒక అడుగు ముందుకు వేసి కొమ్ములు కాస్త వంచింది. ఆ పక్కనుంచి ఓండాయ్ బయటికి వచ్చింది.

"నువ్వు గుమ్మంలో కూర్చున్నప్పుడు చెప్పాం దొరా. నువ్వు లేనప్పుడు వేశాం."

"ఎవరు? ఎవరెవరు వేశారు? పేర్లు చెప్పు!"

"నాలుగు వందల ముప్పై ఏడు గుమ్మాలు," అంది టిబో చెట్టు మీంచి. "ఏ గుమ్మంతో మొదలుపెడతావు?"

గోర్యో ఒక్కొక్క మొహమే చూసుకుంటూ పోయింది. అన్ని మొహాలూ ఒకేలా ఉన్నాయి. దక్షిణపు గుంట నుంచి ఇరవై మంది అన్నదమ్ములు తడి చేపలు మోసుకుంటూ అప్పుడే వచ్చారు. విందు ఎక్కడ పెట్టాలని అడిగారు. గోర్యో రెల్లులోకి దిగి వెళ్ళిపోయింది.

సిమాంగ్ ఉపన్యాసం ఇవ్వలేదు. ఓండాయ్‌ని వెంటబెట్టుకుని వాలెక్కింది. బాతుకు ఐదు గుడ్లు పట్టేంత చోటు, పూరేడు పిట్టకు ఒకటి, అలా వరసగా గోటితో గీతలు గీసుకుంటూ పోయింది. అందరికీ అయ్యాక చివర్లో మిగిలిన చోట ఇసుక గోకి, కూర్చుని, మొదటి గుడ్డు పెట్టింది.

భయపెట్టి అడిగేవాడికి జనం మాట వినపడదు. తన గొంతే తిరిగి వినపడుతుంది.